నలభై ఒక్క నియమాలు

ఎమ్మిగనూరు,
2024 ఆగస్టు 4, ఆదివారం.

నాయనా వీరేషూ,

పీర్ల పండుగకు వచ్చి తిరిగి వెళ్లిన నీవు బెంగళూరు క్షేమంగా చేరినావని మీ అమ్మ ఫోనులో విని, నా చెవి దగ్గరికి వచ్చి రెండుసార్లు అరిచి చెప్పింది. ఆదోని జిన్నింగు మిల్లులో చేసిన మూడేళ్లకు నా చెవులు సగం అక్కడే ఉండిపోయినాయి. కనుక మన ఇద్దరికీ ఉత్తరాలే ఆధారం. ఇందులో ఒక మేలు ఉన్నది. ఫోనులో అన్న మాట మరునాటికి మారుతుంది. కాగితం మీది మాట రాసినట్టే ఉంటుంది. నీవు కూడా తేదీ వేసి రాయి.

నీవు పండుగనాడు చెప్పిన విషయాన్ని నేను సరిగా గ్రహించినానో లేదో చూసుకో. నవంబరు రెండో వారంలో మీ క్లబ్బువాళ్లు ముప్పై ఎనిమిది మంది క్యాడీలలో ఒక్కరిని ఎన్నుకుంటారు. గోల్ఫ్‌నే వృత్తిగా పెట్టుకునేవాళ్ల అర్హత పోటీకి ఆ ఒక్కరిని తామే పంపుతారు. మిగిలిన ముప్పై ఏడు మంది ఇతరుల స్టిక్కుల సంచులు మోస్తూనే ఉంటారు. నీకు ఇరవై నాలుగేళ్లు నిండినాయి. ఆ ఒక్కడివి నీవు కావాలి.

ఇందుకు కొత్తగా నేర్వవలసినది ఏమీ లేదు. కరువు ఏడాది సుగ్గికని, కూలి వెతుక్కుంటూ ఊరు విడిచి వెళ్లి, ఇప్పుడు నీవున్న ఆ మైదానంలోనే నేను ఆరేళ్లు గడ్డి కోసినాను. మెంబర్లు ఆడేటప్పుడు మేము పని ఆపి గోరింట కంచె వెనక కదలకుండా నిలబడవలసి ఉండేది. తోటివాళ్లు ఆ సమయంలో బీడీ తాగినారు. నేను చూసినాను. చూసినదంతా రాసుకున్నాను. ఐదు నోటుబుక్కులు, ఎనిమిది వందల పన్నెండు గమనికలు. వాటిని వడబోసి నలభై ఒక్క నియమాలు చేసినాను. ఆ నియమాలతోనే ఆదోని రోడ్డులో పత్తి తీసేసిన చేనిలో, ఓబన్న వెల్డింగు చేసి ఇచ్చిన స్టిక్కుతో, ముప్పై ఒక్క పాత బంతులతో నీకు ఆట నేర్పినాను. నల్లరేగడి నెర్రెల్లో పడిన బంతిని చేయి పెట్టి తీసుకుంటూ నేర్చినవాడికి పచ్చగడ్డి మీద ఆట ఒక లెక్కా?

ఏడవ నియమాన్ని మాత్రం రోజూ ఒకసారి చదువుకో. నడుము కదలరాదు. నాకు పదేళ్లప్పుడు మా నాయన నన్ను మగ్గం గుంటలో కూర్చోబెట్టి, నడుముకు తువాలు చుట్టి వెనక గుంజకు కట్టినాడు. నడుము ఊగితే పోగు మోసే నాడె వంకరగా పోతుంది, బట్ట అంచు పాడవుతుంది. నీకు కూడా చేనిలో మేకు పాతి అట్లే కట్టినాను. గుర్తున్నది కదా.

చిన్నమ్మ వసంత నీకోసం చేసిన కొర్రల లడ్లు వేరే పార్సెల్‌లో వస్తాయి. మొత్తం ఇరవై నాలుగు. లెక్క తక్కువైతే తెలియజేయి.

నీ మేలు కోరే చిన్నాయన,
రామలింగం.


బెంగళూరు,
ఆగస్టు 17.

చిన్నాయనకు, చిన్నమ్మకు దండాలు.

లడ్లు పద్దెనిమిది వచ్చినాయి. తపాలాలో ఆరు తగ్గలేదు, మూట విప్పేతప్పుడు జాషువా పక్కనే ఉండాడు. జాషువా అంటే నా రూములో ఉండే ఆలూరు పిల్లోడు, వాడూ క్యాడీనే. ఆట బాగా ఆడతాడు. తిండి ఇంకా బాగా ఆడతాడు.

చిన్నాయనా, ఒక సంగతి రాయాల. ఈడికి కొత్తగా ఒక కోచ్ వచ్చినాడు, దేవేంద్రప్ప అని. మన మంత్రాలయం పక్క మాధవరమాయన. పన్నెండేండ్లకే క్యాడీగా వచ్చి, ఆడి గెలిచి, ఇప్పుడు నేర్పుతాండాడు. నవంబరులో ఎవర్ని పంపాలనేది ఆయనే సెప్పాల. సోమవారం మమ్మల్నందర్నీ వరసగా నిలబెట్టి తలా పది బంతులు కొట్టమన్నాడు. నేను మూడు కొట్టేసరికి దగ్గరికొచ్చినాడు.

"ఏ ఊరప్పా నీది?" అన్నాడు.

"ఎమ్మిగనూరు సార్."

"మగ్గమోళ్లా?"

"అవును సార్. మీకెట్ల తెలిసె?"

"గుంటలో కూచోని కొడతాండావు కదప్పా! నడుం ఇంటికాడ పెట్టొచ్చినావా, బస్సులో మర్సిపోయినావా?"

అందురూ నవ్విరి. జాషువా అయితే కింద కూచోని నవ్వినాడు. నాకు తల కొట్టేసినట్టాయ. కానీ చిన్నాయనా, ఆయన నగుబాటు చేసి వదిలిపెట్టే మనిషి కాదు. సాయంత్రం పిలిచి కూచోబెట్టుకున్నాడు. "చేతులు బంగారమప్పా నీవి. ఎవురు నేర్పిరి?" అని అడిగినాడు. నీ పేరు, నోటుబుక్కులు, మేకు, తువాలు అన్నీ సెప్పినా. తర్వాత అన్నాడు: "మూడు నెల్లు నీకు తెలిసిందంతా మూటగట్టి ఆ గూట్లో పెట్టు. నేను సెప్పేది ఖాళీ చేతుల్తో నేర్సుకో. నచ్చకపోతే నవంబరులో నీ మూట నువ్వు తీసుకో. ఎవురూ ఎత్తకపోరు."

నాకైతే ఒకసారి చూద్దామనిపిస్తాంది. కానీ నీకు సెప్పకుండా మార్చను. నువ్వేమంటావో రాయి.

వీరేష్.


ఎమ్మిగనూరు,
2024 ఆగస్టు 25, ఆదివారం.

నాయనా వీరేషూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివినాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఇంకా ఎక్కువ వచ్చింది. మూడోసారి చదివిన తర్వాత ప్రశాంతంగా కూర్చొని ఇది రాస్తున్నాను.

నేను కొత్తదాన్ని ఒప్పుకోని మొండివాడినని నీవు తలచరాదు. నేను ఒప్పుకున్నవి చాలా ఉన్నాయి. బడి ఏడో తరగతితో ఆగినా, ఆదోని గ్రంథాలయంలో నిఘంటువు ముందు పెట్టుకొని ఇంగ్లీషు నేర్చినాను. మగ్గం మీద డిజైను తెచ్చే పంచింగు అట్టలు కర్నూలు మనిషి తప్ప ఎవరూ చేయలేరన్న రోజుల్లో చూసి నేర్చుకొని చేసినాను. మీ చిన్నమ్మ మాట విని ఇంట్లో గ్యాసు పెట్టించినాను. వీటిలో దేనికీ నన్ను ఎవరూ నా మనసును మూటగట్టి గూట్లో పెట్టమని అడగలేదు. నేర్చినదాని పక్కన కొత్తది పెట్టుకోవడం వేరు. నేర్చినదాన్ని తీసి బయట పెట్టడం వేరు. రెండోదానికి నేర్పినవాడిని కూడా బయట పెట్టవలసి వస్తుంది.

పైగా అతడు నిన్ను పదిమందిలో నవ్వులపాలు చేసినాడు. మగ్గమోళ్లా అన్నాడు. మాధవరం మనిషై ఉండి మన పనిని ఎగతాళి చేసినాడు. చేతులు బంగారమని తర్వాత అన్నది నిన్ను మెత్తబరచడానికి. ఆ ఎన్నికకు ఇంకా పదకొండు వారాలు ఉన్నాయి. ఇప్పుడు స్టిక్కు తిప్పే తీరు మార్చితే పాతది పోతుంది, కొత్తది రాదు. మధ్యలో నిలబడతావు. ఆ చోటు ఇంకొకరికి పోతుంది. అతని ఉద్దేశం అదేనని నేను అనడం లేదు. ఆలోచించమంటున్నాను.

నీవు చేయవలసినవి. రోజూ తెల్లవారుజామున మెంబర్లు రాకముందు రెండు వందల బంతులు. నడుము ఊగుతున్నదన్న అనుమానం ఉంటే తువాలు కట్టుకొని. కోచ్ ఎదుట ఆయన చెప్పినట్టు చేయి, నేను వద్దనను. ఒంటరిగా ఉన్నప్పుడు మనది చేయి. వారానికి ఒకసారి పట్టిక పంపు: కొట్టిన బంతులు, తిన్నగా పోయినవి, నడుము స్థితి.

మీ అమ్మకు ఈ సంగతులు చెప్పలేదు. నీవూ చెప్పవద్దు.

చిన్నాయన.


బెంగళూరు,
సెప్టెంబరు 15.

చిన్నాయనకు దండాలు.

ఆలస్యమాయ, ఏమనుకోవద్దు. పట్టిక పంపుతాండా. మొదటి వారం వెయ్యిన్ని నాలుగు వందలు, తిన్నగా పోయినవి తొమ్మిదొందల పై చిల్లర. రెండో వారం వెయ్యిన్ని నాలుగు వందలు, తిన్నగా పోయినవి వెయ్యి దాటినాయి. మూడో వారం ఎనిమిదొందలే. వానలు.

నడుము స్థితి అని అడిగినావు. అస్సలు కదలడం లేదు. పొద్దున లేసేతప్పుడు కూడా కదలనంటాంది! జాషువా సెయ్యిచ్చి లేపుతాండాడు, లడ్ల రుణం తీర్చుకోవాల కదా వాడు.

దేవేంద్రప్ప సార్ ముందర ఆయన సెప్పినట్టు చేస్తాండా. ఎనక నువ్వు సెప్పినట్టు చేస్తాండా. ఆయనకు తెలిసిపోయిందనుకుంటా. నిన్న, "ఏమప్పా, మూట గూట్లోనే ఉందా, దిండు కింద పెట్టుకోని పండుకుంటాండావా?" అన్నాడు. నవ్వలేదు ఈసారి.

ఇంతే. పని ఉంది.

వీరేష్.


ఎమ్మిగనూరు,
2024 సెప్టెంబరు 29, ఆదివారం.

నాయనా వీరేషూ,

నీ పట్టిక చూసి నాకు కలిగిన సంతోషం ఎంతని రాయను! నూటికి డెబ్బై బంతులకు పైగా తిన్నగా పోవడం చిన్న విషయం కాదు. నడుము నిద్రలో కూడా నిలకడ నేర్చిందని రాసినావు. మీ చిన్నమ్మకు చదివి వినిపించినాను. ఆమె నవ్వలేదు. "ఆ పిల్లోడు ఏదో దాస్తాండాడు" అన్నది. ఆడవాళ్లకు ప్రతిదానిలో అనుమానమే అన్నాను.

అయితే గురువారం మీ అమ్మ వచ్చి కూర్చొని కంటతడి పెట్టుకున్నది. నీవు మూడు వారాలుగా మంచం మీద కాక నేల మీద పడుకుంటున్నావని ఫోనులో జాషువా నోరు జారి చెప్పినాడట. భీమక్క వదిన కంట నీరు నేను మీ నాయన పోయిన రోజున చూసినాను, మళ్లీ ఇప్పుడు చూసినాను.

నాకు అంతా అర్థమైంది. నీవు అతని మాట వినడం లేదని గ్రహించి ఆ దేవేంద్రప్ప నీ మంచం తీయించినాడు. నిన్ను అవమానించి లొంగదీయడానికి. నీవు నా మనసు నొప్పించకూడదని దాచినావు. ఇక దాచనక్కరలేదు. నేను శుక్రవారమే ఆయనకు నాలుగు పేజీల ఉత్తరం క్లబ్బు చిరునామాకు రిజిస్టరు పోస్టులో పంపినాను. మర్యాద తప్పలేదు. పదకొండు ప్రశ్నలు వేసినాను. నలభై ఒక్క నియమాల నకలు కూడా జతపరచినాను. వాటిలో తప్పు ఏదో చూపమని అడిగినాను.

నీవు ధైర్యంగా ఉండు.

చిన్నాయన.


బెంగళూరు,
అక్టోబరు 9.

చిన్నాయనా,

ఎందుకు రాసినావు? నన్నొక మాట అడిగి రాయకూడదా?

నీ ఉత్తరం శనివారం చేరె. సార్ దాన్ని క్యాడీల షెడ్డుకు తెచ్చినాడు. నన్ను పిలిచి, అందరి ముందర, "ఇది నీ ఎరికేనా?" అన్నాడు. లేదన్నా. కళ్లద్దాలు పెట్టుకోని మొదటి పేజీ సదివినాడు. "ఒక పేద చేనేత కుటుంబపు బిడ్డ మంచమును లాగివేసి నేలపై పరుండబెట్టుట ఏ క్రీడాధర్మము?" అని నువ్వు రాసిన కాడికి వచ్చేసరికి షెడ్డులో ఒక్కరూ నవ్వలేదు చిన్నాయనా. నవ్వింటే బాగుండు. అందురూ నా తట్టు చూసిరి. ఎందుకంటే అందరికీ తెలుసు. నీకే తెలీదు.

నా మంచం ఎవురూ తీయలేదు. నేనే కింద పండుకుంటాండా. నడుం నొప్పికి మంచం మీద పండుకోలేను. ఆగస్టు ఆఖర్లో మొదలాయ. తువాలు కట్టుకోని రెండొందలు కొట్టిన రోజున్నే. నీకు సెప్పాలంటే నోరు రాలేదు. నవ్వుతాలుగా రాస్తే నువ్వే అడుగుతావనుకుంటి. నువ్వు సంతోషపడితివి.

సెప్టెంబరు ఇరవై రెండున ఎడమ కాలు తిమ్మిరెక్కి మైదానంలోనే పడిపోతి. నన్ను ఆటోలో ఆస్పత్రికి తీసకపోయింది ఎవురనుకుంటాండావు? నువ్వు పదకొండు ప్రశ్నలేసిన ఆయనే. డాక్టరు ఫొటో తీసి చూపించినాడు. ఎముకల మధ్యలో ఉండే మెత్త పక్కకు జరిగిందంట. "పైభాగం ఇంత గట్టిగా తిప్పుతాండావు, కింద బిగబట్టుకోని ఉండావు, మధ్యలోది ఏం కావాల?" అన్నాడు. మూడు నెల్లు స్టిక్కు ముట్టుకోకూడదు. అంటే నవంబరు లేదు.

సార్ నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకోని ఎల్లిపోయినాడు. అప్పట్నుంచి నాతో మాట్లాడలేదు. జాషువా పేరు రాసుకున్నారని అంటాండారు. నీ ఉత్తరం వల్లో, నా నడుం వల్లో నాకు తెలీదు. అడిగే మొహం నాకు లేదు.

పోతాపోతా ఒక్క మాట మాత్రం అన్నాడు. నీ నియమాలున్న కాగితాలు నా చేతిలో పెట్టి, "మీ చిన్నాయన చానా తెలివిగల్లోడప్పా. నలభై ఒకటీ సదివినా. చేతులుండాయి, భుజాలుండాయి, మెడ, కన్ను, ఊపిరి కూడా ఉండాది. కాళ్లేవి?" అన్నాడు.

నేనూ సదివినా చిన్నాయనా. లేవు. ఎందుకు లేవు?

అమ్మకు నేనే సెప్తా. నువ్వు సెప్పొద్దు.

వీరేష్.


ఎమ్మిగనూరు,
2024 నవంబరు 3, ఆదివారం.

వీరేషూ,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. నేను నాలుగు జవాబులు రాసి చించినాను. అన్నింటిలోనూ నేను సరియైనవాడినే. అందుకే చించినాను.

ముందు నీ నడుము. దానికి నేను ఏమని రాయాలో తెలియడం లేదు. తువాలు కట్టింది నేను. దూరం నుంచి మళ్లీ కట్టించింది నేను. నీవు నొప్పిని నవ్వులాటగా రాస్తే నేను దానిని మెప్పుగా చదువుకున్నాను. మీ చిన్నమ్మ చెప్పినా వినలేదు. ఈ నాలుగు వాక్యాలు రాయడానికి ఈ ఉదయమంతా అయింది.

ఇక కాళ్ల సంగతి. నిజం చెబుతున్నాను, నేను ఆ మాటను ఖండించడానికే పెట్టె దించినాను. ఐదు నోటుబుక్కులూ తీసి, కాళ్ల మీద ఉన్న గమనికలు అన్నీ ఏరి, ఒక కాగితం మీద రాసి దేవేంద్రప్ప ముఖాన పడేయాలనుకున్నాను. రెండు రోజులు లెక్క వేసినాను. చేతుల మీద మూడు వందల ఏడు. భుజాల మీద నూట తొంభై. తల, చూపు, ముఖకవళికలు, టోపీ, అన్నీ ఉన్నాయి. కాళ్ల మీద రెండంటే రెండు. ఒకటి, 'తెల్ల బూట్ల ఆయన నేడు రాలేదు'. రెండోది, 'ఒకరి బూటు లేసు ఊడినది'. రెండూ వాళ్లు నడిచి పోతున్నప్పుడు చూసినవి.

ఇది ఎట్లా జరిగిందని దీపావళి నాడు కూడా పెట్టె ముందే కూర్చున్నాను. చివరికి మొదటి నోటుబుక్కు అట్ట మీద నేనే వేసుకున్న బొమ్మ కనిపించింది. మైదానం, చెట్లు, గోరింట కంచె. కంచెకు బాగా వెనక, గుల్మొహరు చెట్టు పక్కన, నేను నిలబడే చోట చిన్న చుక్క.

కంచె నా నడుముకు పైన ఉండేది, వాళ్లు దాని అవతల పక్కనే ఆడేవాళ్లు, వీరేషూ. నేను ఆరేళ్లు చూసింది నడుము పైభాగాన్ని. వాళ్లు బంతిని కొట్టే ఆ క్షణంలో కింద ఏం జరుగుతుందో ఒక్కనాడూ చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా నాకు తెలియలేదు. ఏడవ నియమం ఏ నోటుబుక్కులో ఉన్నదో వెతికినాను. ఎందులోనూ లేదు. శుద్ధప్రతి రాసేటప్పుడు వచ్చి చేరింది. కనిపించని సగాన్ని నేను మా నాయన మగ్గం గుంటలో నుంచి తెచ్చి అతికించినాను. గుంటలో కూడా నడుము కిందిది కనిపించదు కదా.

అయినా నమ్మబుద్ధి కాలేదు. పరీక్ష చేసినాను. పెరట్లో తీగ మీద ఒక చీర నడుమెత్తున ఆరవేసి, వెనక మీ చిన్నమ్మను బొంత దులపమన్నాను. చేతిలో కట్టె, తీగకు వేసిన బొంత, రోజూ చేసే పనే. ఇవతల దూరంగా నిలబడి చూసినాను. చేతులు తిరిగినాయి, భుజాలు తిరిగినాయి. నడుము దగ్గర ఏమీ కదలినట్టు లేదు. సరిగ్గా నా నోటుబుక్కులో ఉన్నట్టే. అప్పుడు చీర లాగేసినాను. వసంత తొంటి మొత్తం తిరుగుతున్నది. ఎడమ మడమ లేస్తున్నది, దిగుతున్నది. దెబ్బ దెబ్బకూ.

"ఏమయ్యా, పెండ్లయి ఇరవై ఏండ్లాయ, ఎప్పుడూ సూడనట్టు సూస్తాండావు?" అన్నది.

విషయం చెప్పినాను. కట్టె కింద పెట్టి నడుము మీద చేయి వేసుకొని, "దీనికి చీర ఎందుకు కట్టినావు? అడిగింటే నేను సెప్పకపోయినానా?" అన్నది.

నేను ఎవరినీ అడగలేదు, వీరేషూ. గడ్డి కోసిన ఆరేళ్లలో ఒక్క మెంబరును కాదు, ఒక్క క్యాడీని కూడా అడగలేదు. అడిగితే నాకు తెలియదని తెలిసిపోతుందని. చూసి నేర్చుకోవడమే గొప్ప అనుకున్నాను. నిన్ను కూడా అట్లే పెంచినాను. నొప్పి అని నోరు తెరిచి చెప్పలేనివాడిగా.

దేవేంద్రప్ప గారికి విడిగా ఒక పేజీ రాసి పోస్టు చేసినాను. ప్రశ్నలు లేవు. నా తప్పు ఏమిటో, కంచె సంగతి ఏమిటో, అంతే. నా ఉత్తరం వల్ల నీ చోటు పోయి ఉంటే దానికి నేను చేయగలిగింది ఏమీ లేదు. అది నేను మోయవలసినదే.

నీవు నాకు జవాబు రాయకపోయినా అర్థం చేసుకుంటాను. నడుము ఎట్లా ఉన్నదో మీ అమ్మకైనా ఉన్నదున్నట్టు చెప్పు.

రామలింగం.


బెంగళూరు,
నవంబరు 17.

చిన్నాయనకు, చిన్నమ్మకు దండాలు.

చిన్నమ్మకు ఎక్కువ దండాలు.

మంగళవారం పేరు సెప్పినారు. జాషువానే. వాడు రూముకొచ్చి నా పక్కన నేల మీద కూచోని ఏడ్సినాడు. "నీదిరా ఇది" అన్నాడు. కాదులే పోరా అన్నా. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు, వాడికీ పట్టలేదు. నాకు బాధ లేదని రాస్తే అబద్ధం. ఇంక అబద్ధాలు రాయను. చానా బాధగా ఉంది. వచ్చే ఏడు మళ్లీ ఒకర్ని పంపుతారో లేదో ఎవురికీ తెలీదు. కాలు తిమ్మిరి తగ్గింది. నడుం పొద్దున్న పూట ఇంకా పట్టేస్తాంది. ఉన్నదున్నట్టు ఇదీ.

నీ రెండో ఉత్తరం సార్‌కు చేరింది. మొదటిదాని మాదిరి షెడ్డులో సదవలేదు. టీ కొట్టు కాడ ఒక్కడే కూచోని సదివినాడు. టీ సల్లారిపాయ. నన్ను పిలిచినాడు.

"నీ పేరు తీసేసింది ఆ ఉత్తరానికి కాదప్పా, డాక్టరు చీటీకి" అన్నాడు మొదటగా. "ఇంత అందమైన చేతిరాతతో నన్ను తిట్టినోడు ఇంతవరకు పుట్టలేదు. అది దాసిపెట్టుకుంటి. ఇది కూడా దాసిపెట్టుకుంటా."

తర్వాత, "పా, ఆ కంచె యాడుందో చూద్దాం" అన్నాడు.

పోతిమి చిన్నాయనా. కంచె అట్లే ఉంది. ఎత్తు కూడా అంతే పెట్టి కత్తిరిస్తాండారంట, మార్చలేదంట. నువ్వు నిలబడిన చుక్క కాడ, గుల్మొహరు చెట్టు పక్కన, నేను నిలబడినా. నా బొడ్డుకు నాలుగు వేళ్లు పైకి వచ్చింది కంచె. సార్ అవతల కంచె పక్కనే నిలబడి బంతి కొట్టినాడు. చేతులు కనపడె. భుజాలు కనపడె. టోపీ కనపడె. అంతే. "ఇంగోసారి కొట్టండి సార్" అన్నా. ఐదు సార్లు కొట్టినాడు. నేను మునికాళ్ల మీద లేసినా కనపడలేదు.

నాకు నీ మీద చానా కోపముండె. అక్టోబరంతా ఉండె. ఆడ నిలబడినంక ఏమాయనో తెలీదు. ఆరేండ్లు ఈడ నిలబడినాడా మా చిన్నాయన అనిపిచ్చె. ఎండలో. ఇంత చూసినాడే అనిపిచ్చె, ఈ కంచె పైనుంచి.

సార్ కంచె మీద చెయ్యి పెట్టి, "మీ చిన్నాయన సగం ఆటను ఈ దేశంలో ఎవురూ రాయనంత బాగా రాసినాడప్పా. ఆ సగంలో నేనే రెండు నేర్సుకుంటి. పద్దెనిమిదో నియమం నాకు తెలీనే తెలీదు" అన్నాడు. మళ్లీ అన్నాడు, "డిసెంబరు ఆఖరుకు డాక్టరు ఒప్పుకుంటే నీకు నడవడం కాడ్నుంచి నేర్పుతా. ఆయప్పను కూడా రమ్మను. కంచెకు ఈ తట్టు నిలబెట్టు. చూసి మిగతా సగం రాయనీ."

వస్తావా?

నువ్వు రావాలని నేను అడుగుతాండా. సార్ సెప్పినాడని కాదు.

వీరేష్.


ఎమ్మిగనూరు,
2024 నవంబరు 24, ఆదివారం.

నాయనా వీరేషూ,

వస్తాను.

నిన్న ఆదోని వెళ్లి డిసెంబరు ఇరవై ఏడు శుక్రవారానికి రైలు టికెట్టు తీసుకున్నాను. అంతవరకు నీవు స్టిక్కు ముట్టరాదు. ఇది నియమం కాదు, విన్నపం. మీ అమ్మ నీ నడుముకు నువ్వుల నూనె సీసా ఇస్తానన్నది. డాక్టరు వద్దంటే వాడవద్దు, ఆమెకు నేను చెప్పుకుంటాను. జాషువాకు లడ్లు ఇరవై నాలుగు విడిగా కట్టిస్తున్నాను. అతనికి నా అభినందనలు చెప్పు. మనస్ఫూర్తిగానే రాస్తున్నాను. రాసేటప్పుడు చేయి కొంచెం ఆగింది, అది కూడా నీకు తెలియాలి.

పాత నోటుబుక్కులు తేవడం లేదు. కొత్తది ఒకటి కొన్నాను. మొదటి పేజీ మీద తేదీ వేసి వదిలినాను. ఏడవ నియమాన్ని కొట్టివేస్తుంటే మా నాయన గుర్తుకు వచ్చినాడు. ఆయన చెప్పింది మగ్గానికి చెప్పినాడు. ఆటకు చెప్పమని ఆయనను ఎవరూ అడగలేదు.

నాకు తెలియనివి కొన్ని నిన్ను అడగవలసి ఉన్నది. దేవేంద్రప్ప గారిని నేను ఏమని పిలవాలి? నా వయసువాడేనా, పెద్దవాడా? ఆయన బంతి కొట్టేటప్పుడు పక్కన ఎంత దూరంలో నిలబడితే మర్యాద? మధ్యలో ప్రశ్న అడగవచ్చునా, అంతా అయిన తర్వాత అడగాలా? నా చెవుల సంగతి ఆయనకు ముందే చెప్పు, రెండుసార్లు అడిగితే విసుక్కోకుండా.

ఇంకొకటి. ఆరేళ్లు అక్కడ పని చేసినా నేను కంచె దాటి ఆ గడ్డి మీద కాలు పెట్టింది కోసేటప్పుడే, అదీ ఒట్టి కాళ్లతో. చెప్పులతో తొక్కితే మేస్త్రీ ఊరుకునేవాడు కాదు. ఇప్పుడు నాకు ఉన్నవి ఒక జత టైరు చెప్పులు, పెండ్లిళ్లకు వేసుకునే ఒక జత తోలు చెప్పులు. కంచెకు ఆట జరిగే వైపు నిలబడడానికి ఏవి వేసుకొని రావాలో తెలియదు. ఒక్క మాట రాయి.

చిన్నాయన,
రామలింగం.